పొయ్యి మీది ముప్ఫై ఒకటి

ఆ రోజు పొద్దున ఆకాశం వానకు నడుం కట్టి, అంతలోనే మనసు మార్చుకున్నట్టుంది. మబ్బులు తూర్పున గుంపు కట్టాయి గాని చుక్క రాలలేదు. నడుమ ఒకచోట పాత దుప్పటి చిరిగినట్టు సన్నని వెలుగు. ఆసుపత్రి రెండో అంతస్తులో కంప్యూటర్ల గది కిటికీ దగ్గర నిలబడి తీగలాయన ఆ చిరుగునే చూస్తున్నాడు. ఆరున్నర కావడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.

ఎప్పుడు చూసినా ఏదో ఒక బల్ల కింద దూరి తీగలు లాగుతుంటాడు కనుక ఆసుపత్రిలో అందరికీ అతను తీగలాయన. మాట తక్కువ మనిషి. ఆయన గోడలోంచి వంద గజాల తీగ లాగుతాడు గాని ఆయన నోట్లోంచి నాలుగు మాటలు లాగడం ఎవరి తరమూ కాదని నర్సులు నవ్వుకుంటారు.

ఆ రోజు అతని పని నాలుగు వందల ఇరవై కంప్యూటర్లలో కొత్త బ్రౌజర్ ఎక్కించడం. ఒక్కో బల్ల దగ్గరికీ తిరగనక్కర్లేదు. తన కుర్చీలో కూర్చుని ఒక్క మీట నొక్కితే అన్నిటికీ చేరిపోతుంది. ఆ మీట దాకా రావడానికే నెల పట్టింది. తెరవగానే ఆసుపత్రి నోటీసుల పేజీ రావాలి. పై వరసలో మందుల జాబితా, ల్యాబు ఫలితాలు, సెలవు చీటీ ఉండాలి. పాస్‌వర్డులు గుర్తు పెట్టుకోకూడదు. మూయగానే లోపలున్నదంతా తుడిచిపెట్టాలి, ఒకరు చూసిన రోగి వివరాలు తర్వాత కూర్చున్నవాళ్ల కంట పడకూడదు గనక. ఇలా ఒక్కో సంగతికీ సెట్టింగుల ఫైలులో ఒక్కో వరస, మొత్తం అరవై ఎనిమిది.

వాటిలో నలభై రెండోది గడువు వరస. కొత్తది చేరాక, తెరిచి ఉన్న పాతదాన్ని ఎంతసేపటికి మూసేయాలన్నది అది చెబుతుంది. డాక్టర్ల గదులకు రెండు రోజులు ఇచ్చాడు, వాళ్లు ఊరుకోరు కాబట్టి. మిగతా సెక్షన్లన్నిటికీ సున్నా పెట్టాడు, అంటే కొత్తది చేరిన వెంటనే మూత. "తనిఖీ వాళ్లు పదకొండింటికి వస్తారు. వాళ్లు ఏ తెర ముందు నిలబడినా కొత్తదే కనబడాలి" అని పరిపాలనాధికారి నాలుగుసార్లు చెప్పాడు. పైగా ఆరున్నరకు సెక్షన్లలో మనిషి ఉండడు.

మనిషి ఉండడు సరే, పొయ్యి ఉంటుంది. అది గుర్తొచ్చింది అప్పుడే, కిటికీ దగ్గర.

రికార్డుల సెక్షన్‌లో ఒక పద్ధతి ఉంది. చేతిరాత కేసు కాగితాలు చూసి వాళ్లు కంప్యూటర్లో ఒక పొడుగాటి ఫారం నింపుతారు. సగం నింపి దాచుకునే వీలు ఆ ఫారంలో లేదు. అంతా అయ్యాక డాక్టరు వచ్చి చూసి, తన గుర్తు కొడితేనే లోపలికి పోతుంది. డాక్టరు దొరకడానికి ఒక్కోసారి వారం. అందాకా ఫారాన్ని అలాగే తెరిచి ఉంచి, పక్కనే ఇంకోటి మొదలుపెట్టి, సాయంత్రం తెర ఒక్కటే ఆర్పి ఇళ్లకు పోతారు. దాన్ని వాళ్లు పొయ్యి మీద పెట్టడం అంటారు. ఏడు కంప్యూటర్లకూ నుదుటి మీద చీటీలు అంటించి ఉంటాయి: పొయ్యి మీద ఉంది, ఆర్పవద్దు. ఏ కాగితంలోనూ లేని పద్ధతి ఇది. తీగలాయనకు మాత్రం ఇంట్లోనే తెలిసింది. ఆ సెక్షన్‌లో పాతికేళ్లుగా పనిచేస్తున్న పెద్ద గుమాస్తా అతని వదిన.

అన్న పోయి పన్నెండేళ్లు. అప్పటినుంచీ వదిన తీగలాయన దంపతులతోనే ఉంటుంది. నిజానికి వాళ్లే ఆమెతో ఉంటున్నారు. ఇల్లు ఆమెది, అతనికి చదువు చెప్పించింది ఆమె, ఈ ఉద్యోగానికి దరఖాస్తు తెచ్చిచ్చింది కూడా ఆమే. ఆసుపత్రిలో అతను "మేడం గారూ" అంటే, "చెప్పండి సార్" అని మూతి బిగించి నవ్వు ఆపుకుంటుంది.

మూడు వారాల కింద అన్నాల దగ్గర అడిగింది.

"కొత్త బ్రౌజరంట గదా. మా సెక్షన్‌కి ఎప్పుడు?"

"చెప్తాలే వదినా."

"చెప్తాలే కాదు. ముందు రోజు ఒక్క మాట అను. పొయ్యి దించుకుంటాం."

"సరే."

ఆ ఒక్క మాటే అనలేదు. మరిచిపోయాడందామా అంటే అదీ కాదు. రెండుసార్లు నాలిక చివరిదాకా వచ్చింది, రేపు చెప్పొచ్చులే అని మింగాడు.

గడియారం ఆరూ ఇరవై ఎనిమిది. ఆ ఏడు కంప్యూటర్లనూ జాబితాలోంచి తీయాలంటే పది నిమిషాలు పడుతుంది, అంతే. కాని తీస్తే పదకొండింటికి ఆ ఏడు తెరల మీదా పాతదే కనబడుతుంది. అధికారి మొహం కళ్లముందు మెదిలింది. పొయ్యి మీద ఏ రెండో మూడో ఉంటాయిలే అనుకున్నాడు. తమ ఊళ్లో చెరువు తూము ఎత్తేవాడు కింది పొలాలకు వినపడేలా కేక వేసి, తిరుగుకేక వచ్చాకే పలక లేపేవాడు. ఎన్నడో మరిచిన ఆ కేక ఎందుకో చెవిలో మోగింది. మీట నొక్కాడు.

తెర మీద సంఖ్య నూరు, రెండు వందలు, నాలుగు వందలు దాటి ఎక్కడా ఆగకుండా నాలుగు వందల ఇరవై దగ్గర నిలిచింది. ఆ తర్వాత నోటీసుల పేజీలో ఒక వాక్యం పెట్టాడు: "ఈ రోజు కొత్త బ్రౌజర్ వస్తుంది. చేస్తున్న పని ముగించుకోగలరు." అప్పుడు టైము ఆరూ నలభై.

తొమ్మిది దాటాక ఫోను మోగింది. రికార్డుల సెక్షన్ చిన్న గుమాస్తా. గొంతు గలగల్లాడే పిల్ల, ఆ రోజు గలగల లేదు.

"తీగలాయన గారూ, కాస్త కిందికొస్తారా? పొయ్యి లేదండీ."

"ఎన్ని?"

"ముప్ఫై ఒకటి."

ఫోను పెట్టేసి లేచాడు. మెట్ల మీద నడిచాడో జారాడో తెలియదు. వదిన తన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఎదురుగా తెర నిండా తళతళలాడుతూ కొత్త నోటీసుల పేజీ. నుదుటి మీద చీటీ అలాగే ఉంది. పక్కన ఇద్దరు డాక్టర్లు నిలబడి ఉన్నారు. తనిఖీ లోపు ముప్ఫై ఒకటికీ గుర్తులు కొట్టించడానికి ఆమే నాలుగు రోజులు వెంటబడి వాళ్లను రప్పించింది.

"మమ్మల్ని పిలిచి ఏం చూపిస్తారమ్మా, ఈ సెలవు చీటీలా?" అన్నాడు ఒక డాక్టరు. రెండో ఆయన గడియారం చూసుకున్నాడు. ఇద్దరూ వెళ్లిపోయారు.

తీగలాయన ఆమె కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని వెతికాడు. ఏమీ దొరకదని అతనికి తెలుసు. మూయగానే తుడవమని రాసింది తనే. అయినా వెతికాడు, చేతులకు ఏదో ఒక పని కావాలి గదా.

"రాదా?" అంది వదిన.

"రాదు మేడం గారూ."

ఆమె సార్ అనలేదు. కేసు కాగితాల కట్ట ముందుకు లాక్కుని మొదటి ఫారం మళ్లీ మొదలుపెట్టింది. ఒక్కోదానికి గంటన్నర పని. పదకొండింటికి ఒక్కటి అయింది, దానికీ గుర్తు కొట్టే డాక్టరు లేడు.

ఆ తనిఖీ మీదే ఒక సంగతి తేలాల్సి ఉంది. సెక్షన్ అధికారి కుర్చీ నాలుగు నెలలుగా ఖాళీ. వదిన విరమణకు ఏడాదిన్నర ఉంది. రెండుసార్లు ఆ కుర్చీ ఆమె ముందునుంచే వేరేవాళ్లకు పోయింది. ఈసారి బకాయి లేదని తనిఖీలో తేలితే చాలు, ఆమె పేరే పైకి పంపుతానని పరిపాలనాధికారి మాటిచ్చాడు. ఆ మాట విన్నరోజు ఆమె ఇంటికొచ్చి, ఎవరూ చూడటం లేదనుకుని అద్దం ముందు కళ్లజోడు సర్దుకుని, "ఏమ్మా, ఆ ఫైలు ఇటు తీసుకురా" అని తనకు తనే అధికారంగా చెప్పుకుంది. మరిది చూశాడు. చూసినట్టు ఎన్నడూ చెప్పలేదు.

తనిఖీ వాళ్లు వచ్చారు, రికార్డుల బల్ల దగ్గర ముప్ఫై ఒకటి బకాయి అని రాసుకున్నారు. మిగతా చోట్ల తెరలు చూసి భలే ఉందన్నారు. వాళ్లు వెళ్లాక పరిపాలనాధికారి వదిననూ తీగలాయననూ తన గదికి పిలిచాడు.

"అంత పని అలా తెరిచి వదిలేస్తారా ఎవరైనా?" అన్నాడు ఆమెతో. ఇటు తిరిగి, "నువ్వు నోటీసు పెట్టావా లేదా?"

"పెట్టానండి" అన్నాడు తీగలాయన.

అబద్ధం కాదు. ఎప్పుడు పెట్టాడో ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు.

వదిన అతనికేసి ఒక్కసారి చూసింది. కోపం లేదు. పిల్లాడి జ్వరం ఎంతుందో చూసేటప్పటి చూపు అది.

"మేమే చూసుకోలేదు సార్. తప్పు మాదే" అంది.

బయట వరండాలో ఆమె ముందు నడుస్తుంటే, చెప్పు మడమ దగ్గర అరిగి ఒక పక్కకు ఒరగడం అతను చూశాడు. పిలవాలనుకున్నాడు. మేడం అనాలా, వదినా అనాలా తేలేలోపు ఆమె మలుపు తిరిగిపోయింది.

మధ్యాహ్నం అతను తిండి ముట్టలేదు. నలభై రెండో వరస తెరిచి కూర్చున్నాడు. సున్నా. దాన్ని రెండు రోజులుగా మార్చాడు. ఇక దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు, అయినా మార్చాడు. తర్వాత తెల్లకాగితం మీద రాశాడు. ఆ సెక్షన్ పద్ధతి తనకు ముందే తెలుసునని, ముందు రోజు చెప్పమని వాళ్లు అడిగారని, చెప్పలేదని, గడువు సున్నా పెట్టింది తానేనని, నోటీసు పెట్టింది మీట నొక్కాక పది నిమిషాలకని. ఇంకేమీ రాయలేదు. మూడున్నరకు తీసుకెళ్లి పరిపాలనాధికారి బల్ల మీద పెట్టాడు.

అధికారి రెండుసార్లు చదివాడు.

"ఈ మాట పొద్దున నోట్లోంచి ఎందుకు రాలేదయ్యా?"

అధికారి కాగితాన్ని ఫైల్లో పెట్టాడు.

"పేరు రెండింటికే పోయింది. పక్క సెక్షనాయనది. ఇదీ పంపిస్తాను. నీకు మెమో వస్తుంది. పోయిన పేరు దీంతో వెనక్కొస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకు."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వదిన వంటగది గడప దగ్గర పీట వేసుకుని బియ్యం ఏరుతోంది. కాగితం సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. ఆసుపత్రిలో వార్త లిఫ్టుకంటే ముందు దిగుతుంది. అతని భార్య పొయ్యి దగ్గరినుంచి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చూపు గిన్నెలోకి తిప్పుకుంది.

"కాగితం రాశావంట" అంది వదిన, తల ఎత్తకుండా.

"రాశాను."

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. నొక్కేముందు మేము గుర్తొచ్చామా?"

లేదంటే సరిపోయేది. ఆ కాగితంలో కూడా ఈ ఒక్కటీ రాయలేదు. మరుపు అంటే ఆమె నమ్మేది, నమ్మాలని చూస్తోంది కూడా. చేటలో ఆమె వేళ్లు ఆగిపోయి ఉన్నాయి.

"వచ్చారు వదినా."

వేళ్లు మళ్లీ కదిలాయి. ఒక రాయి దొరికింది, తీసి పక్కన పెట్టింది.

అన్నాలకు ముగ్గురూ కూర్చున్నారు. రోజూ అయితే వదిన వడ్డిస్తూ ఆసుపత్రి కబుర్లు చెబుతుంది, ఏ డాక్టరు ఎవరిమీద ఎగిరాడో నటించి చూపిస్తుంది. ఆ రోజు అన్నం గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. అతను తనే పెట్టుకుందామని గరిటె వైపు చెయ్యి చాచాడు. ఆమె గరిటె తీసుకుని, ఎప్పటిలాగే ముందు అతని కంచంలో రెండు గరిటెలు వేసి, పక్కన కూర వేసింది. తర్వాత అతని భార్యకు, చివర తనకు.

అతను ముద్ద కలిపి, చాలాసేపు కంచంలోనే ఉంచాడు. ఆమె తినడం మొదలుపెట్టాక నోట్లో పెట్టుకున్నాడు. నీళ్ల చెంబు ఆమె చేతికి అందకపోతే జరిపాడు. ఆమె తాగి, అక్కడే పెట్టింది.