అంబిక అరగదీసిన అద్దం

దేవనహళ్ళి నుంచి యలహంకకు ఇల్లు మారేటప్పుడు అంబిక సామానంతా టెంపో వెనక వేయించి, టెలిస్కోపు గొట్టాన్ని మాత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అయినా దారి కుదుపులు దాన్ని వదల్లేదు.

ఆ గొట్టం అడుగున ఉన్న గుండ్రటి అద్దం కొన్నది కాదు. కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చాక, గాజుబిళ్ళ మీద గరుకుపొడి వేసి రుద్ది రుద్ది, ఏడాది పైగా అరగదీసి తానే చేసుకున్నది.

కొత్త ఇంటి మిద్దె మీద శనిగ్రహాన్ని చూపిస్తానని ఇరుగుపొరుగును పిలిచింది. తీరా చూస్తే శని చుట్టూ ఉండే ఉంగరం లేదు, గ్రహం లేదు. ఒక పక్కకు తోక సాగిన వెలుగుముద్ద ఉంది.

"ఇంట్లో చేసిన అద్దం కదమ్మా, ఇంతమాత్రం కనబడేదే గొప్ప," అన్నాడు పక్కింటి చంద్రశేఖర్, ఓదార్పుగానే.

ఆ ఓదార్పే అంబికను నిద్రపోనివ్వలేదు. మర్నాడు పొద్దు వాలకముందే అత్త నంజమ్మను వెంటబెట్టుకుని మిద్దెక్కింది.

"అద్దమే చెడ్డదైతే వెలుగు అన్ని పక్కలా చెదరాల అత్తా. తోక ఒక పక్కకే ఉండాదంటే అద్దం వాలిందని."

కన్ను పెట్టే కటకాన్ని తీసేసి ఆ రంధ్రంలోంచి చూసింది. గొట్టం మూతి దగ్గరి చిన్న అద్దంలో అడుగు అద్దం సగమే కనిపిస్తోంది. చిన్నదాన్ని సరిచేసింది. ఇక అడుగు అద్దాన్ని సర్దాలి. దాని వెనక మూడు స్క్రూలున్నాయి. ఇక్కడ కన్ను పెడితే అక్కడికి చెయ్యందదు.

"సంగటి కెలికే చెయ్యి నాది. పగిలిపోతే?" అంది నంజమ్మ.

"గోరంత తిప్పు చాలు. నేను చెప్తా ఉంటా."

నంజమ్మ గోరంతే తిప్పింది. అడుగు అద్దం నడుమ గురుతుకని అంటించిన నల్లచుక్క, చిన్న అద్దంలో కనబడే ప్రతిబింబాల మధ్యకొచ్చి నిలిచింది. అద్దం వాలు పోయినట్టే.

చీకటి పడ్డాక చూస్తే తోక పోయింది గానీ మసక పోలేదు. కటకాన్ని లోపలికి పోగలిగినంత నెట్టినా, బొమ్మ తేటపడాలంటే ఇంకా కొంత లోపలికి పోవాలంటోంది. అంబిక ఆలోచించింది. కుదుపులకు స్క్రూలు వదులై అద్దమే కిందికి దిగి కటకానికి దూరమైనట్టుంది. మూడింటినీ సమంగా బిగించి అద్దాన్ని పైకి తెచ్చి, చుక్క మళ్ళీ నడుమనే ఉందో లేదో టార్చి వేసి చూసుకుంది.

ఈసారి శని వచ్చాడు, ఉంగరంతో సహా.

నంజమ్మ చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత పిట్టగోడ దగ్గరికి పోయి, "చంద్రశేఖరప్పా, అందర్నీ పిల్చుకుని రా," అని కేకేసింది.

వచ్చినవాళ్ళు వంతులవారీగా చూశారు. చంద్రశేఖర్ రెండుసార్లు చూసి, "ఈ అద్దం నిజంగా నువ్వే చేసినావామ్మా?" అన్నాడు.

ఎవరైనా మెచ్చుకుంటే మాట మార్చేయడం అంబికకు అలవాటు. ఆ రాత్రి మార్చలేదు.

"అవునన్నా, నేనే చేసినా," అంది.