అమీరు వెనక ఐదో మనిషి

సౌదీలోని హుఫూఫ్‌లో ఖర్జూరాల వ్యాపారి ఒకాయన తన పాత ఇంటిని బొమ్మల హాలుగా మార్పించాడు. గోడల ప్లాస్టరింగ్ చేసింది ఎల్లన్న, కరెంటు పని చేసింది సదానందం. ఇద్దరిదీ జగిత్యాల దగ్గర ఒకే ఊరు. పనిచేసేదీ ఒకే కంపెనీలో.

హాల్లో ఒక గోడకు పాత తైలవర్ణ చిత్రం ఉండేది. ఏ కాలపు అమీరో, పట్టు జుబ్బాతో కుర్చీలో కూర్చుని ఉంటాడు. ముంజేతి మీద డేగ. వెనక చీకట్లో నలుగురు నౌకర్లు, పరీక్షగా చూస్తేనే కనిపిస్తారు. వ్యాపారి కూతురు జైనాబ్ బొమ్మలు వేయడం చదువుకున్న అమ్మాయి. ఆ చిత్రాన్నే తన పద్ధతిలో మళ్లీ వేసి, ఎదుటి గోడకు పెట్టించింది. అదే తెర, అదే కుర్చీ. కానీ కుర్చీ ఖాళీ. వెలుగంతా వెనక నిలబడ్డ ఒకే ఒక్క నౌకరు మీద. ఆ నౌకరు కోసం ఎల్లన్నను నిలబెట్టి వేసింది. ఎడమ కనుబొమను చీల్చిన మచ్చను కూడా వదల్లేదు.

ఎల్లన్న ఆ సంగతి ఫోన్లో భార్య ముత్యవ్వకు చెప్పుకుని మురిసిపోయాడు. “రాజు లేడే, నేనొక్కన్నే ఉన్న” అన్నాడు.

ఆ ఏడే స్థానికులకు ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ చట్టం గట్టిగా అమలైంది. సౌదీవాళ్లను సరిపడా పెట్టుకోలేదని కంపెనీ రెడ్ జాబితాలో పడింది. ఎవరికీ ఇఖామా, అక్కడ ఉండే అనుమతి కార్డు, రెన్యువల్ కాలేదు. వ్యాపారి తానే పూచీ పడే కఫీలై సదానందాన్ని హాలు చూసుకోవడానికి పెట్టుకున్నాడు. ఎల్లన్నకు ఆ దారి దొరకలేదు. సముద్రం ఒడ్డున రాస్ తనూరాలో ఎవరో కాంట్రాక్టరు పని ఇస్తాడని విని బస్సెక్కాడు. ఆ తరవాత అతని ఫోను మోగలేదు.

ఒక మధ్యాహ్నం దుమ్ము దులుపుతున్న సదానందం కొత్త బొమ్మ ముందు ఆగిపోయాడు. ఎల్లన్న లేడు. అతను నిలబడ్డ చోట తెర మడతలున్నాయి, అంతే.

జైనాబే చెరిపిందనుకుని పిలిచి అడిగాడు. ఆమె వచ్చి వేళ్లతో తడిమి చూసింది. గీకిన గుర్తు లేదు, రంగు మీద రంగు లేదు. తను ముట్టుకోలేదని మెల్లగా చెబుతూ వెనక్కి తిరిగి, అలాగే ఉండిపోయింది.

పాత బొమ్మలో అమీరు వెనక ఐదుగురున్నారు.

సదానందం నిచ్చెన వేసి బల్బును బొమ్మ దగ్గరికి జరిపాడు. చివరి మనిషి తలపాగా కింద, ఎడమ కనుబొమ మీద మచ్చ. మిగతా ముఖాల మీద పాకిన పగుళ్లే ఆ ముఖం మీదా ఉన్నాయి, వందేళ్లుగా అక్కడే నిలబడ్డట్టు. అందరూ అమీరును చూస్తున్నారు. అతనొక్కడే బయటికి చూస్తున్నాడు. జైనాబ్ ఆ చిత్రానికి ఎప్పుడో తీసిన ఫోటో తన ఫోన్లో చూపించింది. అందులో నలుగురే.

సదానందం రాస్ తనూరా వెళ్లాడు. క్యాంపుల్లో, ఆసుపత్రుల్లో, ఠాణాలో అడిగాడు. అలాంటి మనిషిని ఎవరూ చూడలేదు.

తిరిగొచ్చేసరికి జైనాబ్ రంగులు కలుపుకుంటోంది. ఆ ఖాళీలో నువ్వు నిలబడు, మళ్లీ వేస్తాను, ఏమవుతుందో చూద్దాం అంది. ఆమె కళ్లలో భయం లేదు, ఆత్రం ఉంది. సదానందం ఆ సాయంత్రమే ఆమె తండ్రి దగ్గరికి వెళ్లి, ఇంటికి పోవడానికి ఎగ్జిట్ వీసా అడిగాడు.

సదానందం ఊరికొచ్చి చెబితే ముత్యవ్వ అంతా విన్నది. ఏడవలేదు, అబద్ధమనీ అనలేదు.

“శానసేపు నిలవడితె కాళ్లు గుంజుతయి ఆయినెకు” అంది. తరవాత అడిగింది. “ఆ రాజు మొకం ఎట్లున్నదన్నా? మంచోడేనా?”

సదానందం కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోబోయాడు. నెలల తరబడి ఆ చట్రం తుడిచినవాడు.

“మొకం సూడలేదు చెల్లె” అన్నాడు.