ఫసాడ్ వెనకాల నేను

"చాయ్ ఇచ్చి లోపలికి పో. వాళ్లతోని నేను మాట్లాడుత" అన్నాడు మా ఆయన, అల్లం దంచుతున్న నాతో. వాళ్లంటే చక్కెర ఫ్యాక్టరీ వాళ్లు. బాన్సువాడలో మా ఇంటి ముందుగదే మా కంప్యూటర్ సెంటరు. ఏ రైతు చెరకు తోట ఎప్పుడు నరకాలో చెప్పే ప్రోగ్రాం చూసి, నచ్చితే 2004 సీజను నుంచి వాడతారట. అది రాసింది నేను. ఎనిమిది నెలలు, అన్నం వార్చి వచ్చి కొంత, బట్టలు ఆరేసి వచ్చి కొంత. తెర మీద మాత్రం ఆయన పేరు. "ఎవరి పేరుంటే ఏందే, మనిద్దరం ఒక్కటే గదా" అన్నాడు. ఒక్కటే అయితే నా పేరే పెట్టొచ్చు కదా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. మింగడం నాకు బాగా అలవాటు.

ప్రోగ్రాములు రాసే జావా భాషలో ఫసాడ్, అంటే ఇంటి ముందుభాగం, అని ఒక పద్ధతి ఉంది. ఒక్కో పని చేసే ప్రోగ్రాం ముక్కని క్లాసు అంటాం. నాటిన తారీఖు చూసే క్లాసు ఒకటి, చెరకు రకం చూసేదొకటి, లారీలు చూసేదొకటి, ఇలా లోపల చాలా ఉంటాయి. వాటన్నిటి ముందు ఒక క్లాసుని నిలబెడతాం. "ఈ రైతు వంతు ఎప్పుడు?" అని దాన్ని అడిగితే చాలు, లోపలివాటితో పని చేయించి జవాబు తెచ్చిస్తుంది. రాస్తుంటే నవ్వొచ్చింది, మా ఇంటినే రాస్తున్నానా అని. "మా కొడుకు చేతిల ఏ పనైనా చిటికెల అయితది" అంటుంది మా అత్త గంగవ్వ చుట్టాలతో. ఆ చిటికె వెనక నా నడుంనొప్పి ఆమెకు కనిపించదు. అయినా ఆ క్లాసు మీద నాకు కోపం లేదు. తన వెనక ఎవరున్నారో దానికి తెలుసు. మా ఆయన అదీ ఒప్పుకోడు.

చాయ్ తీసుకెళ్లేసరికి ఫ్యాక్టరీ పెద్దమనిషి వెంకట్రాములు అడుగుతున్నాడు. "నరికిన మొదళ్లకెళ్లి మల్ల చిగిరించిన తోట జల్ది పండుతది. దానికి వంతు ముందు ఎట్లిస్తది ఇది?"

"గవన్ని కంప్యూటరే చూస్కుంటది సార్" అన్నాడు మా ఆయన.

"ఎట్ల చూస్కుంటది?"

మా ఆయన మౌస్‌ని అటూ ఇటూ కదిపాడు. వెంకట్రాములు ఫైలు మూసి లేవబోయాడు. "తెల్వనిదాన్ని నమ్మి రైతుల తోటలు దాని చేతిల ఎట్ల వెడతం? చెరకు నిలబడి ఎండితే మా మీదికొస్తరు."

నా ఎనిమిది నెలలు వెంకట్రాములుతో పాటే లేచి వెళ్లిపోతున్నాయి.

"నేను చెప్త సార్" అన్నాను.

"నువ్వు లోపలికి పో" అన్నాడు మా ఆయన పళ్లు కొరుకుతూ.

పోలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "గా తోటకు నాటిన తారీఖు చూడదు సార్. పోయినేడు నరికిన తారీఖు నుంచి పది నెలలు చూస్తది. కొత్త తోటకు పన్నెండు." ఆ రెండు తోటల్నీ పక్కపక్కన తెర మీద చూపించాను. వెంకట్రాములు మళ్లీ ఫైలు తెరిచాడు.

"మంచిగుంది. ఏమన్న అడగాల్నంటే ఫోన్ ఎవరికి చెయ్యాలె?" అంటూ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నంబరు చెప్పబోయాడు.

ఫసాడ్ గురించి చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. అది పని సులువు చేయడానికి నిలబడుతుంది, లోపలివాళ్లకు తాళం వేయడానికి కాదు. కావాలనుకున్నవాళ్లు లోపలి క్లాసుని నేరుగా పిలవచ్చు.

"నాకే చెయ్యుండ్రి సార్" అన్నాను. "ఇది రాసింది నేను. నా పేరు వైశాలి."