మొదటి కోత అయ్యేదాకా

అక్టోబరు వచ్చిందంటే అమెరికా ఎడారిలోని ఫీనిక్స్ ఊరంతా పేడ కంపు. ఎవరూ ముక్కు మూసుకోరు. ఎండ కాస్త మెత్తబడిందనీ, చలికాలపు గడ్డికి వేళయిందనీ అందరికీ తెలుసు. వేసవంతా నిప్పుల్లో నిలబడ్డ గడ్డి చలి సోకగానే పసుపెక్కి పడుకుంటుంది. పెద్దిళ్ళ వాళ్ళు దాన్ని చూసి ఓర్చుకోలేరు. అందుకని దాన్ని నేల కనబడేదాకా గొరిగించి, పైన రై గడ్డి విత్తనం చల్లించి, పల్చగా పేడ ఎరువు కప్పించి, రోజుకు నాలుగైదుసార్లు నీళ్ళు చిలకరింపజేస్తారు. వారం తిరిగేసరికి ఎడారి మధ్య పచ్చిక! మే నెల ఎండకు అదంతా మాడి చస్తుంది. మళ్ళీ అక్టోబరు, మళ్ళీ పేడ. పిచ్చి పనే. ఆ పిచ్చి మీదే మెక్సికో నుంచి వచ్చిన తోటమాలి ఎలూతెరియో బొహోర్కెస్ ముప్పై రెండేళ్ళు ఇల్లు నడిపాడు.

అందరూ అతన్ని తెలో అంటారు. మంచివాడే, ఒకరి జోలికి పోడు. పచ్చిక దగ్గర మాత్రం చండశాసనుడు. విత్తనం చల్లాక మొదటి కోత అయ్యేదాకా, అంటే మూడు వారాలు, దాని మీద పిల్లి నడిచినా ఊరుకోడు. "తొక్కకూడదు. అంతే!" అనేవాడు. పని చేయించుకునే దొరసానులు కూడా ఆ మాటకు భయపడి వాళ్ళ వాకిట్లో వాళ్ళే చుట్టు తిరిగి వెళ్ళేవారు.

ఊరందరి వాకిళ్ళూ పచ్చగా చేసినవాడి ఇంటి ముందు మాత్రం కంకరే. భార్య చాయో ఊరుకునేదా? "ఏమయ్యా ముసలోడా! ఊరందరికీ తివాచీలు పరుస్తావు. మన గుమ్మంలో కాలు పెడితే రాళ్ళు గుచ్చుకుంటాయి. నేను ఒట్టి కాళ్ళతో పచ్చిక మీద నడిచేది ఈ జన్మలోనేనా?" అని దెప్పేది. కిందటేడు చివరికి ఆ ముచ్చట తీరుద్దామని కంకర ఎత్తించాడు. వంటింటి తలుపు నుంచి పక్కింటి తెంచా గేటు దాకా నేల చదును చేశాడు. అక్టోబరులో విత్తనం చల్లి, పేడ కప్పి, గోడ వారగా మూరెడు సిమెంటు దారి వదిలాడు.

"మొదటి కోత అయ్యేదాకా గోడ పక్కనుంచే నడవాలి, తెలిసిందా?"

"తెలిసిందిలే సామీ. పురిటి బిడ్డను కూడా ఇంత భద్రంగా చూడలేదు నువ్వు" అని నవ్వింది చాయో.

మూడో రోజు ఆమె గుండెల్లో బరువుగా ఉందంది. పనివాళ్ళకు అక్టోబరులో జబ్బు చేయడానికి తీరికుండదు. "ఈ విత్తనాల రోజులు గడవనీ, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా" అన్నాడు తెలో. అయిదో రోజు పొద్దున అతను పనికి వెళ్ళాక నొప్పి ముంచుకొచ్చింది. ఫోనులో ఎవరికో వివరం చెప్పడం చాయోకు చేతకాదు. ఏమొచ్చినా ఆమె పరుగు తెంచా దగ్గరికే. తెంచా ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన మనిషి. తిన్నగా వెళ్తే గేటు ఎంతో దూరం లేదు. కానీ చాయో విత్తనం తొక్కలేదు. గోడ పట్టుకుని చుట్టు తిరిగి బయల్దేరింది. మూల మలుపు దగ్గర పడిపోయింది. తెంచా చూసేసరికి ప్రాణం లేదు. పేడ మీద ఒక్క అడుగు గుర్తయినా లేదు.

అంత్యక్రియల రోజుకు మొలకలు వచ్చాయి. నల్లబట్టల్లో చుట్టాలు గేటు తోసుకుని లోపలికి వస్తుంటే తెలో నోట్లోంచి అలవాటుకొద్దీ మాట వచ్చేసింది. "గడ్డి తొక్కకండి! గోడ పక్కనుంచి రండి!"

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. తెంచా చేతిలోని వంట గిన్నె కింద పెట్టి అతని మొహంలోకి చూసింది. అప్పుడు తగిలింది తెలోకు తను ఏమన్నాడో. ఆ మూలకు వెళ్ళి సిమెంటు మీద కూలబడి, పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనే చంపుకున్నాను దాన్ని, నా మాటే చంపింది అన్నాడు.

ఈ ఏడు మళ్ళీ అక్టోబరు వచ్చింది. తెలో మళ్ళీ తన వాకిట్లో విత్తనం చల్లాడు. కూతురు మారిబెల్ చూసి మండిపడింది.

"ఎందుకు అపా ఈ దిక్కుమాలిన గడ్డి? ఎవరు చూడాలని?"

"మీ అమ్మ ఒక్క మొలకైనా చూడకుండా పోయింది, మిహా."

"నువ్వు మెట్లెక్కితే ఆయాసపడుతున్నావు. రొమ్ము రాసుకుంటున్నావు. నేను చూడట్లేదనుకున్నావా? రేపే డాక్టరు దగ్గరికి పద."

"ఈ విత్తనాల రోజులు గడవనీ" అన్నాడు తెలో. అని, ఆ మాట ఎవరితో ఎప్పుడన్నాడో గుర్తొచ్చి తల దించుకున్నాడు. అయినా వెళ్ళలేదు. చాయో వెళ్ళని డాక్టరు దగ్గరికి తనేం మొహం పెట్టుకుని వెళ్తాడు? చావు వస్తే రానీ అనుకున్నాడు.

మర్నాడు పొద్దున నీళ్ళు పెడదామని వస్తే వంటింటి తలుపు ముందు, తడి పేడలో, ఒక అడుగు. ఒట్టి కాలిది, చిన్నది, చిటికెనవేలు కొంచెం పక్కకు తిరిగి ఉంది. ఆ వేలు ఎవరిదో అతనికి చెప్పాలా? నలభై ఏళ్ళు ఒకే మంచం మీద పడుకున్నాడు.

పార తెచ్చి, అడుగు మీద ఎరువు కప్పాడు. మర్నాటికి అది అక్కడే ఉంది, దాని ముందు ఇంకొకటి. మూడో రోజుకు మూడు. కప్పడం మానేశాడు.

గేటు అవతల కుర్చీ వేసుకుని, దాల్చినచెక్క కాఫీ తాగుతూ తెంచా చూసేది. మారిబెల్‌కు తెంచా జ్ఞానతల్లిగా నిలిచి జ్ఞానస్నానం చేయించిన నాటి నుంచి తెలో, ఆమె ఒకరినొకరు కొంపాద్రే, కొమాద్రే అని పిలుచుకుంటారు.

"కొంపాద్రే, చాయో ఇవాళ ఏడో అడుగు వేసింది."

"చూశాను, కొమాద్రే."

"రోజుకొకటేనేం? బతికున్నప్పుడు మార్కెట్లో దాన్ని అందుకోవాలంటే నాకు తాతలు దిగొచ్చేవారు."

"మొలకలకు దెబ్బ తగులుతుందని చూసుకుని వేస్తోందేమో" అన్నాడు తెలో. తెంచా కాఫీ పొలమారి దగ్గింది.

టపా మనిషి కూడా ఉత్తరాలు పెట్టెలో వేస్తూ, "పన్నెండో అడుగుకు వచ్చారే అమ్మగారు!" అని సాగిపోయేవాడు. మారిబెల్ ఆదివారం వచ్చి, తల్లి పాత చెప్పు తెచ్చి, గోడ దగ్గర నుంచే వంగి కొలత చూసుకుంది. చెప్పు ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా మెట్టు మీద కూర్చుంది.

చుట్టూ మొలకలు లేచాయి. అడుగుల్లో మాత్రం ఒక్క పోచ మొలవలేదు. పచ్చటి నేలలో నల్లటి అడుగులు వంటింటి తలుపు నుంచి తెంచా గేటు వైపు తిన్నగా, గీత గీసినట్టు వెళ్తున్నాయి. రోజూ పొద్దున తెలో వాటి పక్కన నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడి, "కిందటేడే ఇలా నడవాల్సింది కదే! నేనేదో అన్నానే అనుకో, తొక్కితే ఏం పోయింది? మట్టిలో కలిసే గడ్డే కదే!" అని గొణిగేవాడు.

పంతొమ్మిదో రోజు చివరి అడుగు తెంచా గేటు ముందు పడింది.

ఆ పొద్దున తెలో పనికి బయల్దేరబోతూ మెట్టు మీద బూట్లు వేసుకుంటున్నాడు. రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. ఎడమ చెయ్యి లేవలేదు. చెమటలు కారిపోయాయి. తెంచాను పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. లేచాడు, గోడ పట్టుకున్నాడు. ముప్పై రెండేళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతట అవే సిమెంటు దారి పట్టాయి. ఒక్క అడుగు వేసి, అవతలి మూల వైపు చూసి ఆగిపోయాడు.

అక్కడికి వెళ్ళి పడుకుంటే చాలు. చాయో పడుకున్న చోటే. అనుకున్నాడు కూడా. అయితే తన కాళ్ళ దగ్గర నుంచి అవతలి గేటు దాకా, పచ్చికలో, ఆ పంతొమ్మిది అడుగులూ కనబడ్డాయి. ఇన్నాళ్ళూ చాయో తనకోసం నడుస్తోందని అతను అనుకోలేదు. కిందటేటి నడక పూర్తి చేసుకుంటోందనుకున్నాడు, పిచ్చివాడు.

"వస్తున్నానే" అన్నాడు.

గోడ వదిలి మొలకల మీద కాలు పెట్టాడు. ఇంకా మొదటి కోత కాని గడ్డి బూటు కింద నలిగింది. ఒకటో అడుగులో తన అడుగు, రెండో దాంట్లో తన అడుగు. పదకొండో దగ్గర కళ్ళకు చీకట్లు కమ్మాయి. మట్టి గట్టిగా కాలికి తగిలిన చోటల్లా అదే దారని తెలుసుకుంటూ నడిచాడు. పంతొమ్మిదో అడుగులో నిలబడి, గేటు మీద పడ్డాడు. గేటు చప్పుడుకు తెంచా కాఫీ గిన్నె వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

బతికాడు. పది రోజుల తర్వాత మారిబెల్ కారులో ఇంటికి తీసుకొచ్చింది. తెంచా తన గేటు తెరిచి పట్టుకుంది.

తెలో వాకిట్లోకి చూశాడు. పచ్చిక ఒత్తుగా, చీలమండ దాకా పెరిగి గాలికి ఊగుతోంది. అడుగులు లేవు. వంగి చేత్తో తడిమాడు. ఎక్కడా ఒక్క ఖాళీ లేదు, అన్నిచోట్లా గడ్డే.

"ఏవి కొమాద్రే?"

"నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళిన మర్నాడే వాటిలోనూ గడ్డి మొలిచేసింది, కొంపాద్రే. చాయో ఇక రాదేమో."

తెలో గేటు కమ్మీ పట్టుకున్నాడు. బతికించి తను వెళ్ళిపోయింది. వెళ్ళిపోవడం ఇదే మొదటిసారి అన్నట్టు అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. తర్వాత బూట్లు విప్పి, ఒట్టి కాళ్ళతో పచ్చికకు అడ్డంగా నడిచి, వంటింటి మెట్టు మీద కూర్చున్నాడు. గడ్డి చల్లగా ఉంది.

వెనక మారిబెల్ అతని మందుల సంచీ పట్టుకుని వస్తోంది. కోత ఇంకా కాలేదు కదా, పుట్టినప్పటి నుంచి విన్న మాట, గోడ పక్కకు తిరిగింది.

"గోడ పక్కనుంచి కాదు, మిహా!" అని అరిచాడు తెలో, గొంతు పగిలేలా. "మధ్యలోంచి రా. తొక్కుకుంటూ రా!"

మారిబెల్ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. పచ్చికలోకి కాలు పెట్టింది. తెలో ఒక్కొక్క అడుగూ పైకే లెక్కపెట్టాడు. సరిగ్గా పంతొమ్మిదికి వచ్చి ఆమె అతని పక్కన కూర్చుంది.