జానెడు నేత

ధర్మవరంలో కలరా ముదిరి ఆసుపత్రి నిండిపోయింది. మిగిలిన రోగులను మగ్గాల షెడ్డులో పడుకోబెట్టాం. నర్సుని నేనొక్కదాన్నే. సూదులు ఇరవై నిమిషాలు మరగాలి. నా గడియారమేమో ఆ వారమే ఆగి చచ్చింది. అది నడిచేటప్పుడు చూసుకున్న లెక్క ఒకటుంది: ఆ షెడ్డులోనే నేసే ఈశ్వరి జానెడు చీర నేస్తే ఇరవై నిమిషాలు. ఇక ఆమె మగ్గమే మాకు గడియారం.

ఆ పొద్దున ఈశ్వరి కూతురికే సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. పాప కళ్లు గుంటలు పడ్డాయి. సూది పొయ్యి మీద మరుగుతుంటే నేను నరం వెతుకుతున్నాను.

“జానెడాయమ్మా, సూది తీయండి!” అని ఈశ్వరి అరిచింది.

నేను పటకారు అందుకున్నాను.

“వద్దమ్మా!” ఆమె తన చేతులనే చూసుకుంటోంది. “బయానికి చేతులు ఉరికినాయి. ఇంకో జానెడు నేస్తా, ఆగండి.”

ఏడుస్తూనే మళ్లీ నాడె అందుకుని నేయసాగింది, ఈసారి నింపాదిగా.