ఆకుపచ్చ టేపు

మా ల్యాబులో నా పని బ్యాటరీలకు నిప్పు పెట్టడం. ముగ్గురు మనుషులతో అంతరిక్షంలోకి వెళ్ళే నౌక బ్యాటరీలో పన్నెండు సెల్స్ ఉంటాయి. వాటిలో ఒకదాన్ని కావాలనే వేడెక్కించి పేలుస్తాం. పక్కదానికి అంటుకోకపోతే బ్యాటరీ పాసైనట్టు. ఈసారి దాన్ని డిజైన్ చేసింది మా అక్క మొగుడు. రెండేళ్ళుగా బావకు అదే లోకం. మొన్న పరీక్షలో ఒక్క సెల్లే కాలింది. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపిన ఊపుకు భుజం నొప్పెట్టింది.

స్టోర్లో సెల్స్‌ను సగం ఛార్జితోనే ఉంచుతాం. పరీక్షకు ముందు నిండా ఛార్జి చేసి, మీటరు చూసి, అప్పుడు గుర్తుగా ఆకుపచ్చ టేపు అంటించాలి. నాకు తొందరెక్కువ. ముందే టేపు అంటించేసి, ఆ తర్వాత ఛార్జింగుకు పెడతాను. ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ కొంప మునగలేదు.

నిన్న రిపోర్టు కోసం ఛార్జింగ్ రికార్డు తీస్తే పరీక్ష ముందురోజు తేదీ ఖాళీగా ఉంది.  ఆ సాయంత్రం టేపు అంటించగానే మీటింగుకు పిలిచారు. అటునుంచి అటే ఇంటికి పోయాను. మర్నాడు నా టేపు చూసి నేనే నమ్మేశాను. సగం ఛార్జిలో ఉన్న సెల్ సగం కోపంతోనే కాలుతుంది, పక్కదాన్ని అంటించేంత వేడి దానికి ఉండదు.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? బ్యాటరీ పాసైందని రేపే సంతకాలు. ఒక గంట అలాగే కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. లేచి బావ గదికి వెళ్ళాను.

"బావా, మొన్నటి పరీక్ష చెల్లదు. సెల్స్ నిండా ఛార్జి చెయ్యలేదు. తప్పు నాదే."

"తమాషాలాడకు మరదలా."

"తమాషా కాదు."

ఆయన టీ కప్పు కింద పెట్టారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇవాళ కొత్త సెల్స్‌తో మళ్ళీ చేశాం. ఇద్దరం మీటరు చూశాకే టేపు అంటించాను. మొదటి సెల్ పేలింది. నలభై సెకన్లకు పక్కది పేలింది. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాం. మందపాటి అద్దం అవతల గదంతా పొగ.

 నాకు ఏడుపొచ్చింది.

"నిన్న నోరు మూసుకుందామనుకున్నాను బావా. ఎవరికి తెలుస్తుందిలే అని."

"ఎందుకు తెలియదు? పైకెళ్ళే ఆ ముగ్గురికీ తెలిసేది," అన్నారు.

తెల్లకాగితం ముందుకు లాక్కుని, సెల్స్ మధ్య ఎడం ఎంత పెంచాలో గీయడం మొదలుపెట్టారు.