ఏడో నంబరు సూది

ఈ ఇంట్లో కోడలి కంటే బండి సీనియరు. ఆ మాట మావయ్యే అంటారు. ఆమె కాపురానికొచ్చి పద్నాలుగేళ్లయినా అనడం మానలేదు.

ఆదివారం పొద్దున్నే ఆయన మెట్ల కింద పాత దుప్పటి పరిచి, కార్బొరేటర్ విప్పి, ఒక్కో ముక్కా పెట్రోలులో కడిగి ఆరబెడతారు. వారమంతా పొడిపొడిగా మాట్లాడే మనిషి, ఆ రెండు గంటలూ గలగలా కబుర్లు చెబుతారు. ఆమె పక్కనే కుట్టుపని పెట్టుకుని వింటుంది.

ఇప్పుడా బండి నల్లపొగ కక్కుతోంది. ఎక్కడపడితే అక్కడ ఆగిపోతోంది.

"కార్బొరేటర్ మార్చాల్సిందేనట," అన్నాడు ఆమె భర్త, అన్నం తింటూ. "కొత్తది పడ్డాక మెకానిక్ తప్ప ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఇప్పుడే చెబుతున్నా."

ఎవరికి చెబుతున్నాడో అనలేదు. కంచంలో మావయ్య వేళ్లు మాత్రం ఆగాయి.

భర్తకి ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. మర్నాడు మావకోడళ్లే బయల్దేరారు. వెళ్లే ముందు ఆమె పాత కార్బొరేటర్ మూతిని కాగితం మీద బోర్లించి, చుట్టూ పెన్సిలుతో గీసింది. రెండు బోల్టుల రంధ్రాలూ గుర్తుపెట్టింది. బట్టలు కత్తిరించే చేతికి కొలత లేకుండా షాపుకి వెళ్లడం చేతకాదు.

స్పేర్ పార్టుల షాపతను కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, బల్ల మీద రెండు డబ్బాలు పెట్టాడు.

"ఇది కంపెనీది. కళ్లు మూసుకుని తీసుకోవచ్చు."

ధర విని మావయ్య నిజంగానే కళ్లు మూసుకున్నారు.

"పోనీ, ఇది. దానికి తమ్ముడనుకోండి. సగం ధర, అచ్చం అదే."

ఆమె తమ్ముడి మూతి మీద కాగితం పరిచింది.

"ఏంటక్కా, చొక్కా కుడతారా దీనికి?"

"చొక్కా అయితే కాస్త వదులైనా తొడుక్కోవచ్చు. ఇదిగో చూడండి, బోల్టు రంధ్రం ఇవతలికొచ్చింది."

"అదెంత! ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దితే సరి."

"బట్ట పట్టలేదని మనిషిని చెక్కుతారా?"

అతను నవ్వుతూ ఇంకోటి తీశాడు. వాడినది, కానీ కంపెనీదే. కాగితానికి చక్కగా సరిపోయింది. మావయ్య లోపల పైకీ కిందికీ కదిలే స్లైడు మీద గోరు జార్చారు. గోరు రెండుచోట్ల ఆగింది.

"గీతలు పడ్డాయమ్మా. మనదానికీ ఇదే జబ్బు. గాలి లీకవుతుంది."

అడుగు అరలో పేరూ ఊరూ లేని అట్టపెట్టె ఒకటి కనిపించింది. ఆమే అడిగి తీయించింది. తమ్ముడి కంటే ధర కాస్త ఎక్కువ, అంతే. కాగితం గీతకి గీత కలిసింది. మావయ్య స్లైడు ఎత్తి వదిలారు. టక్కున పడింది. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ వదిలారు. మొహం విప్పారింది.

"ఇదే," అన్నారు.

అట్టపెట్టె కట్టి ఇచ్చాక, షాపతను మావయ్య సంచిలో తెచ్చిన పాతదాన్ని విప్పి, పెట్రోలు సన్నగా వచ్చే ఇత్తడి జెట్టుని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"అయ్యయ్యో, ఎవరో దీన్ని సూదితో పొడిచి పొడిచి పెట్టారు! రంధ్రం పెద్దదైపోయింది. పొగ రాక ఏం చేస్తుంది? ఇత్తడి మెత్తన, సూది ఉక్కు. గాలి కొట్టి వదిలెయ్యాలంతే. ఎవరి పని పెద్దాయనా?"

మావయ్య గోడ గడియారం వంక చూశారు.

ఆమెకి తన కుట్టుడబ్బా గుర్తొచ్చింది. ప్రతి ఆదివారం సాయంత్రం ఏడో నంబరు సూది పెట్రోలు వాసన కొట్టేది. చేతివాసనేమో అనుకుని చీరకి తుడుచుకునేది.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

"నేనెవరికీ చెప్పను మావయ్యా," అంది.

"చెప్పకపోతే? కొత్తదాన్నీ పొడిచేస్తానని భయం లేదూ?"

అబద్ధం ఆడితే బండి పాడు, నిజం చెబితే ఆదివారం పాడు.

సాయంత్రం భర్త కార్బొరేటర్ బిగించి కిక్కు కొట్టాడు. ఒక్క కిక్కుకే బండి అందుకుంది. పొగ లేదు, తడబాటు లేదు.

"మరి పాతదానికేమైందట?"

ఆమె నోరు తెరిచేలోగా మావయ్య జేబులోంచి సూది తీసి సీటు మీద పెట్టారు.

"ఇదైంది. ప్రతివారం దీంతోనే పొడిచాను. శుభ్రం చేస్తున్నాననుకున్నాను."

భర్త సూది వంక చూశాడు, తండ్రి వంక చూశాడు. బండి ఆపి, తాళాల గుత్తికి తగిలించిన పిన్నీసు విప్పి, సూది పక్కన పెట్టాడు.

"ఇదేంట్రా?"

"నీ చదువే నాన్నా. బండి మొండికేసినప్పుడల్లా ఫ్యాక్టరీ షెడ్డులో విప్పి నేనూ పొడిచాను. చిన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పావుగా."

ఆమె అరచెయ్యి చాపింది. "ఇద్దరూ అవి ఇటివ్వండి. జెట్టుకి గాలి కొడితే చాలట."

బుద్ధిగా ఇచ్చేశారు. మావయ్య ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నారు. ఆమె భర్త వైపే చూస్తూ నిలబడింది. అతను గుడ్డతో చేతులు అవసరానికి మించి తుడుచుకున్నాడు.

"మన సైకిలు పంపు ఉండాలి కదా నాన్నా? గాలి కొట్టడానికి పనికొస్తుందంటావా?"

"వాషరు ఎండిపోయి ఉంటుంది," అంటూ మావయ్య అప్పటికే లేచారు. "రెండు చుక్కలు నూనె వేస్తే చాలు."